షీనిగె ప్లాటె కొండతోట: ఆల్ప్స్ పూలను తీరిగ్గా చూడాలనుకునేవాళ్ల కోసం

స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ వచ్చే మనవాళ్ల ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక రోజు యుంగ్‌ఫ్రావ్‌యోఖ్, ఒక పూట లాటర్‌బ్రున్నెన్ జలపాతం, ఒక పూట సరస్సులో పడవ, మర్నాడు పొద్దున్నే పెట్టెలు సర్దుకుని లూసెర్న్ బండి. ఇందులో ఒక్క రోజు ఖాళీ చేసుకుని షీనిగె ప్లాటె మీదున్న ఆల్ప్స్ మొక్కల తోటకు వెళ్లమని మా చుట్టాలకూ స్నేహితులకూ చెబుతూ ఉంటాను. వెళ్లినవాళ్లలో కొందరు మాత్రం అరగంటలో బయటికొచ్చేసి, "బాగానే ఉంది గానీ పెద్దగా పూలేం లేవు" అంటారు. తప్పు వాళ్లది కాదు. ఆ తోటను ఎలా చూడాలో ముందే చెప్పేవాళ్లు ఉండాలి. అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మను తీసుకెళ్లినప్పుడు కూడా ఇదే జరిగింది. లోపలికి అడుగుపెట్టగానే నాలుగువైపులా చూసి, "పూలేవిరా?" అంది. ఆవిడ కళ్లు మందారాల ఎత్తులో వెతుకుతున్నాయి. ఇక్కడి పూలు మడమ ఎత్తులో ఉంటాయి. "కాస్త వంగి చూడమ్మా" అన్నాను. ఆ తర్వాత మూడు గంటలు గడిచినా ఆవిణ్ణి బయటికి తేవడం కష్టమైంది.

ముందుగా తోట గురించి నాలుగు మాటలు

షీనిగె ప్లాటె అంటే మెరిసే బండ అని అర్థం. అక్కడి పలకరాయి ఎండకు మెరుస్తుంది కాబట్టి ఆ పేరు. స్విట్జర్లాండ్‌లో బెర్న్ రాష్ట్రపు కొండప్రాంతంలో, విల్డర్స్‌విల్ ఊరికి పైన ఉంటుంది. కొండమీది స్టేషన్ ఎత్తు 1,967 మీటర్లు. మన తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం 1,700 మీటర్లకు కాస్త తక్కువే. ఇక్కడ రైలే మనల్ని అంతకంటే పైన దింపుతుంది. ఆ ఎత్తుకు వచ్చేసరికి చెట్లు ఆగిపోతాయి. వేసవి చిన్నది, చలి ఎక్కువ, చెట్టు పెరగడానికి సరిపడా రోజులు ఉండవు. అక్కడి నుంచి పైన గడ్డిదీ చిన్న మొక్కలదే రాజ్యం.

1920ల చివర్లో మొదలైన ఈ తోటలో దాదాపు 800 రకాల మొక్కలున్నాయి. ఇవి స్విట్జర్లాండ్ కొండల్లో సహజంగా పెరిగేవే. హిమాలయాల నుంచో ఆండీస్ నుంచో తెచ్చి పెట్టినవి కావు. పైగా వాటిని రంగుల వారీగా వరసల్లో పెట్టలేదు. కొండమీద ఏ మొక్క ఏ మొక్క పక్కన, ఎలాంటి నేలలో బతుకుతుందో అలాగే గుంపులుగా ఉంచారు. రాళ్లు జారే వాలులో ఉండేవి ఒకచోట, మంచు ఆలస్యంగా కరిగే గుంటలో ఉండేవి మరోచోట, సున్నపురాయి మీద పెరిగేవి ఇంకోచోట, మందు మొక్కలు వేరుగా. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తోట మొత్తం అర్థమవుతుంది.

మొదటి పని: తేదీ చూసుకోవడం

రైలు ఏడాది పొడవునా నడవదు. సుమారు జూన్ నడిమి నుంచి అక్టోబరు దాకా మాత్రమే తిరుగుతుంది. మిగతా నెలల్లో పట్టాల మీద మంచే. ఆ ఏడాది తేదీలు చూడకుండా హోటల్ బుక్ చేయకండి.

నేను మొదటిసారి జూన్‌లో, రైలు మొదలైన కొద్దిరోజులకే వెళ్లాను. తోటలో సగం చోట్ల ఇంకా మంచు పరుచుకుని ఉంది. ఎడెల్‌వైస్ అనే తెల్లటి కొండపువ్వు చూద్దామని వెళ్లినవాణ్ణి, చాలా నిరాశపడ్డాను. కానీ ఆ మంచు అంచునే సోల్డనెల్లా కనబడింది. లేత ఊదారంగు గంటలాంటి చిన్న పువ్వు, అంచు మొత్తం కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. మంచు కరగడమే ఆలస్యం, పూసేస్తుంది. ఒక్కోసారి పల్చటి మంచును చీల్చుకునే పైకొస్తుంది. మొగ్గలు కిందటి ఏడాదే తయారై ఉంటాయి కాబట్టి అంత తొందరగా పూయగలదు.

కాబట్టి ఏది చూడాలని ఉందో దాన్నిబట్టి వెళ్లండి. జూన్ చివర్లో సోల్డనెల్లా, క్రోకస్, ముదురు నీలం జెన్షియన్లు. జూలైలో ఆల్పెన్‌రోజ్ ఎర్రటి పొదలు, వెనీలా ఆర్కిడ్, ఇంకా లెక్కలేనన్ని. జూలై నెలాఖరు నుంచి ఆగస్టు దాకా ఎడెల్‌వైస్, నీలం వసనాభి. సెప్టెంబరులో పూలు తగ్గుతాయి గానీ ఆకుల రంగు మారుతుంది, విత్తనాల కుచ్చులు కనబడతాయి, జనం తక్కువ. ఒక్కసారే వెళ్లగలిగేవాళ్లకు నా సలహా జూలై రెండో వారం నుంచి నెలాఖరు లోపు.

రెండో పని: ఆ రోజు పొద్దున ఆకాశం చూడటం

వేసవిలో ఆల్ప్స్ మీద మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వాన రావడం మామూలే. పొద్దున మొదటి రైళ్లలో ఎక్కితే వెలుతురూ దొరుకుతుంది, వాన టెన్షనూ ఉండదు. లేవగానే కొండమీది వెబ్‌క్యామ్ చూడండి. ఇంటర్‌లాకెన్‌లో మబ్బు పట్టినా పైన ఎండ కాయవచ్చు, దీనికి పూర్తిగా తిరగబడి ఉండనూవచ్చు.

ఇందులో పూలకు సంబంధించిన సంగతి కూడా ఉంది. చాలా జెన్షియన్లు మబ్బు పట్టినా చలి పెరిగినా ముడుచుకుపోతాయి. ఎండ వచ్చాక విచ్చుకుంటాయి. కాబట్టి వాటికోసమే వెళ్లేవాళ్లు ఎండ ఉన్న రోజునే ఎంచుకోవాలి.

మూడో పని: సంచి సర్దుకోవడం

వంద మీటర్లు పైకెక్కితే సుమారు 0.6 డిగ్రీల చల్లదనం పెరుగుతుందని లెక్క. విల్డర్స్‌విల్ 584 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే పైకి చేరేసరికి ఎనిమిది డిగ్రీల దాకా తగ్గుతుంది, గాలి ఉంటే ఇంకా చలేస్తుంది. కింద టీషర్టుతో బయల్దేరినా సంచిలో స్వెట్టరు, పల్చటి రెయిన్‌కోటు ఉండాలి. గొడుగు కొండగాలికి నిలవదు. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో అల్ట్రావయొలెట్ కూడా పెరుగుతుంది కాబట్టి చల్లగా ఉన్నా సన్‌స్క్రీన్, టోపీ తప్పనిసరి.

చెప్పులు వద్దు. తోటలో దారులు సన్నగా, వాలుగా, చిన్నరాళ్లతో ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు చేతికర్ర చాలా సాయం. వాళ్లను కంగారు పెట్టకుండా నెమ్మదిగా నడిపిస్తే చాలు. ఈ ఎత్తు ఆయాసం తెప్పించేంతది కాదు గానీ గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరును అడిగే బయల్దేరాలి.

తిండికి పైన రెస్టారెంట్ ఉంది. కానీ మేము చింతపండు పులిహోర డబ్బాల్లో పెట్టుకెళ్లాం. చల్లారినా రుచి చెడదు, చెంచాతో తినొచ్చు, చుట్టూ మంచు శిఖరాలు. ఇంతకంటే మంచి భోజనం ఆ ప్రయాణంలో నాకు గుర్తులేదు. డబ్బాలూ కాగితాలూ మళ్లీ సంచిలోనే కిందికి రావాలి.

వీలైతే ఒక భూతద్దం పెట్టుకోండి. పిల్లల బొమ్మల కొట్లో దొరికేది చాలు. ఈ తోటకు కెమెరా కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

నాలుగో పని: రైలు

ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో లాటర్‌బ్రున్నెన్ లేదా గ్రిండెల్‌వాల్డ్ వెళ్లే బండి ఎక్కి మొదటి స్టేషన్ విల్డర్స్‌విల్‌లో దిగాలి. ఐదు నిమిషాల ప్రయాణం. అక్కడే పక్కన కొండరైలు ఉంటుంది. స్విస్ ట్రావెల్ పాస్, హాఫ్ ఫేర్ కార్డ్ లాంటివి ఉంటే టికెట్ కౌంటర్లో ముందే చూపించి అడగండి. పది మంది కుటుంబంగా వెళ్తుంటే ముందుగానే సీట్లు రిజర్వు చేసుకోవడం మంచిది, రైలు పెట్టెలు చిన్నవి.

ఈ రైలు 1893లో మొదలైంది. 1914 నుంచి కరెంటుతో నడుస్తోంది. పట్టాల మధ్య దూరం 80 సెంటీమీటర్లే. వాటి నడుమ నిచ్చెనలాంటి పళ్ల పట్టా ఉంటుంది. ఇంజిను కింద తిరిగే పళ్లచక్రం దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. ఏడుంపావు కిలోమీటర్లకు 52 నిమిషాలు. చెక్క బెంచీలు, దించుకోగలిగే కిటికీలు. ఫోన్ లోపల పెట్టేసి, దారిలో చెట్లు ఎలా మారుతున్నాయో చూడమని చెబుతాను. ఈ మాట మళ్లీ చివర్లో వస్తుంది.

దిగగానే ఎదురుగా ఐగర్, మోన్ష్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు మూడూ కనబడతాయి. అందరూ అక్కడే ఫోటోలకు ఆగిపోతారు. మీరూ తీసుకోండి. అదే సమయంలో తిరుగు రైళ్ల టైమ్‌టేబుల్ కూడా ఒక ఫోటో తీసుకోండి, ముఖ్యంగా ఆఖరి బండి ఎన్నింటికో. అది తప్పితే కిందికి నడక గంటల పని.

ఐదో పని: తోటలో నడక

ముందు ఆగకుండా ఒక చుట్టు తిరిగి రండి. ఎక్కడ రాళ్లున్నాయి, ఎక్కడ పచ్చిక ఉంది, ఎక్కడ నీడ గుంట ఉంది అన్నది కంటికి పట్టాలి. ఆ తర్వాత రెండో చుట్టు మొదలుపెట్టండి. ఈసారి ఐదారు మొక్కలను ఎంచుకుని ఒక్కోదాని దగ్గర పది నిమిషాలు కూర్చోండి. అన్నీ చూసేయాలనుకుంటే ఏదీ గుర్తుండదు. నేను ఎవర్ని తీసుకెళ్లినా చూపించేవి ఇవి.

మొదట జంటలు. ఆల్పెన్‌రోజ్ అనే ఎర్రపూల పొదలో రెండు రకాలున్నాయి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. దగ్గరికెళ్లి ఆకులు చూడండి. ఒకదాని ఆకు అంచున కనురెప్పల్లా సన్నటి వెంట్రుకలుంటాయి. దాని పేరు రోడోడెండ్రాన్ హిర్సూటమ్, సున్నపురాయి నేల దాని ఇల్లు. రెండోదాని ఆకు అంచు నున్నగా ఉంటుంది, అడుగుభాగం ఇనుము తుప్పు రంగులో ఉంటుంది. అది రోడోడెండ్రాన్ ఫెరూజినియమ్, ఆమ్ల గుణమున్న నేలలో పెరుగుతుంది. ఒకే మూలం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు నేలను పంచుకున్నట్టు. రేగడిలో పత్తి, చెలకలో వేరుశనగ అని మన రైతులు చెప్పేదానికి ఇది దగ్గరి మాటే.

ఇలాంటి జంటే పెద్ద నీలం జెన్షియన్లలో కూడా ఉంది. జెన్షియానా క్లూసియై సున్నపు నేలది. జెన్షియానా అకాలిస్ ఆమ్ల నేలది. పువ్వు గరాటులోకి తొంగిచూడండి. లోపల ఆకుపచ్చ మచ్చలు, చారలు బాగా కనబడితే అది అకాలిస్. ఈ ఒక్క తేడా పట్టుకోగలిగితే పిల్లలు ఇక మిమ్మల్ని వదలరు, ప్రతి నీలం పువ్వులోకీ తొంగిచూస్తారు.

తర్వాత ఎడెల్‌వైస్. అందరూ అడిగేది ఇదే, చూశాక "ఇంత చిన్నదా" అనేదీ దీన్నే. భూతద్దం ఇక్కడ తీయండి. తెల్లగా నక్షత్రంలా విచ్చుకున్నవి రేకులు కావు, ఆకులు. వాటి మీద దూదిపింజెల్లాంటి దట్టమైన నూగు ఉంటుంది. తీవ్రమైన ఎండ నుంచి, ఎండిపోవడం నుంచి మొక్కను కాపాడేది ఆ నూగే. మధ్యలో పసుపుపచ్చగా ఉన్న నాలుగైదు బొత్తాల్లాంటివి చూడండి, ఒక్కొక్క బొత్తం లోపల ఎన్నో సన్నటి పూలుంటాయి. ఇది పొద్దుతిరుగుడు, బంతి, చామంతిల కుటుంబమే. అమ్మ దాన్ని చాలాసేపు చూసి, "స్వెట్టరు వేసుకున్న చామంతి" అంది. నాకు తెలిసిన ఏ వర్ణనా దీనికంటే బాగా లేదు.

రాళ్ల మధ్య గుండ్రటి పచ్చ దిండులా అంటుకుని, మీద గులాబీరంగు చుక్కలు కుట్టినట్టు ఉండేది సైలీన్ అకాలిస్. అది ఒక్కటే మొక్క. వందల కొమ్మలు ఒకదానికొకటి ఒరుసుకుని దిండులా అయ్యాయి. గాలి లోపలికి దూరదు, ఎండ వేడి లోపలే ఉండిపోతుంది, రాలిన ఆకులు అందులోనే కుళ్లి ఎరువవుతాయి. కింద లావుపాటి వేరు లోతుగా దిగి ఉంటుంది. ఇలాంటి దిండ్లు పదుల ఏళ్లు బతుకుతాయి. దారి దాటి ఒక్క అడుగు పక్కకు వేస్తే మన బూటు కింద నలిగేది అంత వయసున్న ప్రాణి. దారి తప్పొద్దని చెప్పేది ఇందుకే.

మంచు ఆలస్యంగా కరిగే గుంటలో సేలిక్స్ హెర్బేసియా కోసం వెతకండి. నాణెమంత గుండ్రటి ఆకులు రెండు మూడు నేలకు అతుక్కుని కనబడతాయి. అది విల్లో చెట్టు. కొమ్మలన్నీ మట్టి లోపలే దాచుకుని ఆకులు మాత్రం బయటపెడుతుంది. చెట్లన్నిటిలోకీ చిన్నదని వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ చెప్పింది దీని గురించే.

ఇక ముక్కుతో చూడాల్సిన పువ్వు ఒకటుంది. గడ్డి మధ్యలో వేలి కొనంత, నలుపు కలిసిన ఎరుపులో ఉండే గుత్తి. నైగ్రిటెల్లా, అంటే వెనీలా ఆర్కిడ్. దారి పక్కనే ఉంటే మోకాళ్ల మీద కూర్చుని ముక్కు దగ్గరపెట్టండి. చాక్లెట్, వెనీలా కలిపిన వాసన. నిజం వెనీలా కూడా ఆర్కిడ్ కుటుంబంలోదే.

ఇక రెండు మొక్కల దగ్గర మనకు సొంతూరు గుర్తొస్తుంది. పశువుల పాకల చుట్టూ పెరిగే మొక్కల గుంపులో చెవుల్లాంటి పెద్ద పెద్ద ఆకులతో ఉండేది రూమెక్స్ ఆల్పైనస్. పేడ పడి నత్రజని ఎక్కువైన నేల దానికి ప్రాణం. బోర్డు మీద రూమెక్స్ అన్న పేరు చూసి అమ్మకు చెప్పాను, మన చుక్కకూర కూడా రూమెక్సే అని. ఆవిడ ఆ ఆకు ముందు నిలబడి, "మరి పప్పులో వేస్తారా వీళ్లు?" అని అడిగింది. రెండోది అకొనైటమ్ నాపెల్లస్. ముదురు నీలం పూలు, ఒక్కో పువ్వు హెల్మెట్ పెట్టుకున్నట్టు. దీని హిమాలయ చుట్టమే ఆయుర్వేదంలో వసనాభి. చూడ్డానికి ఎంత అందమో అంత విషం, వేరు నుంచి పువ్వు దాకా. పిల్లల చెయ్యి తగలనివ్వకండి.

విషం మాట వచ్చింది కాబట్టి మరొకటి. పసుపుపూల పెద్ద జెన్షియన్ వేరుతో ఇక్కడివాళ్లు చేదు సారా కాస్తారు. పూయని రోజుల్లో అచ్చం దానిలాగే కనబడే వెరాట్రమ్ ఆల్బమ్ అనే విషపు మొక్క పక్కనే పెరుగుతుంది. తేడా ఆకుల అమరికలో ఉంది. జెన్షియన్‌కు ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. వెరాట్రమ్‌కు ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి వస్తాయి. ఈ తేడా పట్టుకోలేక విషం పాలైనవాళ్లున్నారు.

బోర్డులు చదవడం

మొక్కల పక్కన లాటిన్ పేర్లుంటాయి. వాటిని చూసి భయపడక్కర్లేదు. నాలుగు మాటలు నేర్చుకుంటే అవే కథ చెబుతాయి. అకాలిస్ అంటే కాండం లేనిది. హిర్సూటమ్ అంటే వెంట్రుకలున్నది. ఫెరూజినియమ్ అంటే తుప్పురంగుది. నివాలిస్ అంటే మంచుది. ఆల్పైనా, ఆల్పైనస్, ఆల్పైనమ్ అన్నీ ఎత్తు కొండలవే. మొదటి మాట ఇంటిపేరు లాంటిది, రెండోది సొంతపేరు. మన పేర్లలాగే ఇంటిపేరు ముందు.

ఫోటోలు

పై నుంచి తీస్తే పచ్చటి గడ్డిలో చుక్క తప్ప ఏమీ రాదు. ఫోన్‌ను తలకిందులు చేస్తే కెమెరా నేలకు దగ్గరవుతుంది, పువ్వు ఎత్తులో పట్టుకోవచ్చు. వెనకాల మంచు శిఖరం కూడా వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్లపూలు వెలిసిపోతాయి, మీ నీడనే అడ్డుపెట్టండి. ఆకు, పువ్వు, బోర్డు మూడూ ఒకదాని తర్వాత ఒకటి తీసుకుంటే ఇంటికెళ్లాక ఏది ఏదో తెలుస్తుంది. గుర్తుగా దాచుకుందామని కూడా ఏదీ కోయొద్దు, కింద రాలిన విత్తనమైనా సరే.

ఆరో పని: తోట బయట వెతకడం

చాలామంది తోట చూడగానే రైలెక్కేస్తారు. ఇంకో గంట ఉంటే డౌబె అనే చూపు దిబ్బ వైపు నడవండి. ఎత్తు 2,076 మీటర్లు, దారి ఎక్కుడే గానీ కష్టమైనది కాదు. అక్కడి నుంచి ఒకవైపు మంచుకొండలు, ఇంకోవైపు లోతున ఇంటర్‌లాకెన్, దానికి చెరోపక్క థూన్, బ్రియెంజ్ సరస్సులు. నడక బాగా అలవాటున్నవాళ్లకు ఫౌల్‌హార్న్ శిఖరం మీదుగా ఫస్ట్ అనే చోటు దాకా సుమారు 16 కిలోమీటర్ల దారి ఉంది, ఆరు గంటలు పడుతుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో దాని జోలికి వెళ్లకండి. మేత దారుల్లో ఆవులు ఎదురైతే, దూడలుంటే మరీ, దూరంగా చుట్టి వెళ్లండి.

డౌబె దారిలో చేయాల్సింది ఒకటే. తోటలో పేరు చూసి నేర్చుకున్న మొక్కను బోర్డు లేనిచోట గుర్తుపట్టడం. అమ్మ ఒక బండ పక్కన ఆగి, ఎర్రపూల పొద ఆకును వేలితో కొంచెం పైకెత్తి, "తుప్పు" అంది. తోటలో గడిపిన మూడు గంటలూ ఆ ఒక్క మాటలో ఉన్నాయనిపించింది నాకు.

కిందికి వచ్చేటప్పుడు

రైలు దిగుతున్నప్పుడు కిటికీలోంచి చూస్తే పాఠం తలకిందులుగా నడుస్తుంది. ముందు పొట్టి గడ్డి, తర్వాత అక్కడక్కడా వంగిన స్ప్రూస్ చెట్లు, బ్రైట్‌లావెనెన్ స్టేషన్ దగ్గర మేత బయళ్లు, స్ప్రూస్ అడవి, ఇంకా కిందికొస్తే వెడల్పాటి ఆకుల బీచ్ చెట్లు, చివరికి విల్డర్స్‌విల్ ఇళ్ల ముందు పెరటి తోటలు. గంటలోపు వేల కిలోమీటర్ల ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చినంత మార్పు. వీలైతే కిటికీ పక్కన సీటు ఇంట్లో పెద్దవాళ్లకివ్వండి. బ్రైట్‌లావెనెన్ దగ్గర ఒక పశువుల పాక వెనక ఆ వెడల్పాటి ఆకుల గుంపు కనబడగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. "అదిగోరా, మన చుక్కకూర."